రౌటర్‌లో ఫైళ్లు తీసేసే పని ఇచ్చారు, ఉద్యోగం మానెయ్యాలా?

ప్రశ్న: ఖమ్మంలో ఈసీఈ పూర్తి చేశాను సర్. అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ కోర్సు) నేర్చుకుని హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఎన్‌ఓసీలో (నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే విభాగం) ట్రెయినీగా చేరాను. నెలలు గడుస్తున్నా నా పని ఒకటే. బ్రాంచి ఆఫీసుల రౌటర్లలో లాగిన్ అయి, ఫ్లాష్‌లో (రౌటర్ ఫైళ్లు దాచుకునే మెమరీ) ఏ ఫైళ్లున్నాయో లిస్టు రాయడం, పాతవి తీసేయడం, బ్యాకప్ తీయడం. రౌటింగ్ జోలికి రానివ్వట్లేదు. నా ఫ్రెండ్స్ అంతా క్లౌడ్ నేర్చుకుంటున్నారు. నాన్నేమో ఇది గుమాస్తా పని, మానేసి బ్యాంకు పరీక్షలకు చదువుకో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే మానకమ్మా. నాన్నగారి బెంగ నాకు అర్థమవుతోంది, కానీ ఆయన చూస్తున్నది నువ్వు రాసే ఎక్సెల్ షీటునే, ఆ షీటు తప్పయితే ఏమవుతుందో ఆయనకు తెలియదు, బహుశా నీకూ ఇంకా ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు.

మామూలు ఐఓఎస్ (సిస్కో రౌటర్లను నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న రౌటర్ ఆన్ చేయగానే ఫ్లాష్‌లో ఉన్న ఐఓఎస్ ఇమేజ్‌ను, అంటే ఆ సాఫ్ట్‌వేర్ ఫైలును విప్పి ర్యామ్‌లో పెట్టుకుంటుంది, ఆ తర్వాత నడిచేదంతా ర్యామ్‌లోనే. అందుకే నువ్వు పొరపాటున ఆ ఇమేజ్‌నే డిలీట్ చేసినా ఆ క్షణంలో ఏమీ జరగదు. లింకులు పడిపోవు, అలారం రాదు, బ్రాంచిలో వాళ్లు మామూలుగా పని చేసుకుంటూనే ఉంటారు. మూడు నెలల తర్వాత ఒక రాత్రి అక్కడ కరెంటు పోయి వస్తుంది, రౌటర్ మళ్లీ లేస్తుంది, కాన్ఫిగరేషన్‌లో బూట్ సిస్టమ్ అని రాసిన ఫైలు కోసం వెతుకుతుంది, దొరకదు, ఫ్లాష్‌లో ఇంకో ఇమేజ్ ఏదైనా ఉందా అని చూస్తుంది, అదీ లేకపోతే రామాన్ (ఐఓఎస్ దొరకనప్పుడు మిగిలే చిన్న రికవరీ ప్రోగ్రామ్) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది. అక్కడ దూరం నుంచి లాగిన్ అవడానికి టెల్‌నెట్ లేదు, ఎస్ఎస్‌హెచ్ లేదు. రౌటర్‌కు నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకుని ఒక మనిషి ఆ ఊరు వెళ్లాల్సిందే. తప్పు చేసిన రోజుకీ అది బయటపడే రోజుకీ మధ్య అంత దూరం ఉండే పని నెట్‌వర్కింగ్‌లో చాలా తక్కువ. అందుకే ఈ పని ఎలా చేస్తున్నావో చూసి గానీ సీనియర్లు నీ చేతికి రౌటింగ్ ఇవ్వరు, అది నిన్ను తక్కువ చేయడం కాదు.

ఇన్‌స్టిట్యూట్‌లో ఇది సరిగ్గా చెప్పకపోవడానికీ కారణం ఉంది. సీసీఎన్‌ఏ పాత 200-125 పరీక్షలో ఐఓఎస్ అప్‌గ్రేడ్, రికవరీ, ఎండీ5 (ఫైలు చెడిపోలేదని తేల్చే విలువ) సరిచూడటం అన్నీ సిలబస్‌లో ఉండేవి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన 200-301లో ఫైళ్లు పంపే పద్ధతులైన టీఎఫ్‌టీపీ, ఎఫ్‌టీపీ ఏం చేస్తాయో తెలిస్తే సరిపోతుంది. పరీక్షలో రానిదాన్ని కోచింగ్‌లో దాటేస్తారు, ఉద్యోగంలో మాత్రం అదే ముందు ఎదురవుతుంది.

ఇంటి దగ్గర ప్యాకెట్ ట్రేసర్ (కంప్యూటర్‌లోనే రౌటర్లు పెట్టి సాధన చేసే సిస్కో సాఫ్ట్‌వేర్) ఉంటుంది కదా, ఈ వారం ఒక పని చెయ్యి. 2911 రౌటర్ పెట్టి షో ఫ్లాష్ కొట్టు. 3,35,91,768 బైట్ల ఐఓఎస్ ఫైలు ఒకటి, చిన్న ఎక్స్ఎంఎల్ ఫైళ్లు రెండు కనిపిస్తాయి, కింద ఎంత జాగా మిగిలిందో కూడా ఉంటుంది. ఆ పెద్ద ఫైలును ముందు టీఎఫ్‌టీపీ సర్వర్‌కు కాపీ చేసుకుని, తర్వాత కావాలనే డిలీట్ చేసి రీలోడ్ ఇవ్వు. రామాన్ వస్తుంది. అక్కడ ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, సర్వర్, ఫైలు పేరు ఒక్కొక్కటీ, వాటి వేరియబుల్ పేర్లు పెద్దక్షరాల్లో రాసి, ఇచ్చి టీఎఫ్‌టీపీడీఎన్‌ఎల్‌డీ కమాండ్‌తో ఇమేజ్‌ను వెనక్కి తెచ్చుకో. చూడకుండా చేయగలిగే దాకా చెయ్యి. ఆ ఫైలు సైజులో ఇంకో పాఠం కూడా ఉంది. పాత పద్ధతి టీఎఫ్‌టీపీలో బ్లాకుకు 512 బైట్లు, బ్లాకు నంబరుకు 16 బిట్లే, అంటే సుమారు 32 ఎంబీ దగ్గర లెక్క అయిపోతుంది. ఈ ఫైలు ఆ హద్దును కొద్దిగా దాటింది. నిజమైన రౌటర్ దగ్గర పాత సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో కాపీ చివర్లో ఆగిపోతే చాలామంది కేబుల్‌ను అనుమానిస్తారు, ఇంటర్వ్యూలో నువ్వు ఈ కారణం చెప్పగలిగితే అడిగేవాళ్లకు నీ స్థాయి తెలిసిపోతుంది.

ఆఫీసులో మాత్రం చేయి తొందరపడకూడదు. ఏదైనా తీసేసే ముందు షో వెర్షన్‌లో ఇప్పుడు ఏ ఫైలు మీద నడుస్తోందో చూడు, షో రన్‌లో బూట్ సిస్టమ్ లైను చూడు, ఆ రెండూ ఒకటేనా అని సరిపోల్చు. కొత్త ఇమేజ్ ఎక్కించాక వెరిఫై ఎండీ5 కొట్టి, వచ్చిన విలువ సిస్కో డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన దానితో కలిసిందో లేదో చూడకుండా పాతదాన్ని ముట్టుకోకు. పాత రౌటర్లు కొన్ని కాపీ మొదలుపెట్టే ముందు ఫ్లాష్ మొత్తం చెరిపేయమంటావా అని అడుగుతాయి, అక్కడ అలవాటుగా ఎంటర్ కొడితే సరే అన్నట్టే, ఉన్నదంతా పోతుంది. స్విచ్‌లలో వీల్యాన్ డాట్ డ్యాట్ అనే చిన్న ఫైలును చెత్త అనుకుని తీసేస్తారు, వీల్యాన్ల (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్కుల) వివరాలు అందులోనే ఉంటాయి. ఐఓఎస్ ఎక్స్ఈ (కొత్త తరం ఐఓఎస్) ఇన్‌స్టాల్ మోడ్‌లో, అంటే ఒక్క ఇమేజ్‌గా కాక ప్యాకేజీలుగా విడగొట్టి పెట్టిన వాటిలో ప్యాకేజీ ఫైళ్లను చేత్తో తీయొద్దు, ఇన్‌స్టాల్ రిమూవ్ ఇన్‌యాక్టివ్ అనే కమాండ్ ఉంది, వాడకంలో లేనివేవో అదే తేల్చి చూపించి, నువ్వు ఒప్పుకున్నాకే తీస్తుంది.

క్లౌడ్ సంగతి. నేర్చుకో, కాదనను, కానీ దానికంటే ముందు పైథాన్ మొదలుపెట్టు, ఎందుకంటే నీ చేతిలో దానికి సరిపడే నిజమైన పని ఉంది. ఇప్పుడు ఒక్కో రౌటర్‌లో లాగిన్ అయి రాస్తున్న ఆ లిస్టునే, రౌటర్లలో లాగిన్ అయి కమాండ్లు నడిపే నెట్‌మికో అనే పైథాన్ లైబ్రరీతో, అన్ని రౌటర్ల నుంచీ ఒకేసారి తెచ్చే స్క్రిప్టు రాయి. చదవడమే, డిలీట్ చేసే లైను అందులో ఉండకూడదు. మీ టీమ్ లీడ్ అనుమతి తీసుకునే నడుపు. రెజ్యూమెలో 'ఎన్‌ఓసీ ట్రెయినీ' అని ఒక్క ముక్క రాసేదానికీ, ఐఓఎస్ ఇమేజ్‌లు, బ్యాకప్‌ల లెక్క ఆటోమేట్ చేశాను అని రాసేదానికీ చాలా తేడా ఉంటుంది.

నాన్నగారితో ఏడాది గడువు అడుగు. బ్యాంకు పరీక్షలు మంచివే, కానీ ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని రాయాల్సినంత అవసరం నీకిప్పుడు లేదు. ఈ లోపు టీమ్ లీడ్‌ను కలిసి, వచ్చే మెయింటెనెన్స్ విండోలో (మార్పుల కోసం ముందే కేటాయించిన సమయం) ఐఓఎస్ అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు పక్కన కూర్చుని చూస్తానని అడుగు, ఆ తర్వాతి దాంట్లో స్టెప్పులు నువ్వు రాసి ఆయనతో చూపించుకో. ఏడాది అయ్యాక కూడా ఒక్క అప్‌గ్రేడ్ నీ చేత్తో చేయనివ్వకపోతే, అప్పుడు వేరే కంపెనీ చూసుకో. నోటీసు ఇచ్చేది మాత్రం కొత్త ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే.