క్యాష్ నింపాక చదివి చూడు

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

డేటాబేసులోని ధరలన్నీ రెడిస్‌లోకి, అంటే త్వరగా చదవడానికి మెమరీలో ఉంచే క్యాష్‌లోకి, నింపే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. నీ వయసులో నేనూ ఆ పని చేశాను. నా ప్రోగ్రాం రాత్రంతా నడిచి ఎనిమిది లక్షల వరుసలు రాసింది. ప్రతి రాతకూ "ఓకే" అనే జవాబే వచ్చింది. నిశ్చింతగా పడుకున్నాను. పొద్దున అమ్మకాలు మొదలవగానే డేటాబేసు ఆ తాకిడికి కుప్పకూలింది. చూస్తే క్యాష్‌లో ఐదు లక్షల కీలే (ఒక్కో ధరకు పెట్టిన పేర్లు) ఉన్నాయి, దొరకని ధరల కోసం అందరూ డేటాబేసు మీదే పడ్డారు. మెమరీ హద్దు తక్కువ, పైగా నిండితే ఎక్కువసేపుగా ఎవరూ వాడనివి తీసేసే "ఆల్‌కీస్-ఎల్‌ఆర్‌యూ" పద్ధతి పెట్టి ఉంది. తెల్లవారుజామున రాసినవి చేరుతుంటే అర్ధరాత్రి రాసినవి పోతూ వచ్చాయి. లాగ్‌లో ఒక్క తప్పూ లేదు. ఏదీ తీసేయని "నోఎవిక్షన్" పెట్టి ఉంటే నిండగానే రాత తిరస్కరించేది, అప్పుడే తెలిసేది.

కాబట్టి ముందు ఆ సెట్టింగు చూడు. తొలగించిన కీల లెక్కను రెడిస్ "ఇన్ఫో" అనే ఆజ్ఞకు జవాబులో చూపిస్తుంది. పనికి ముందొకసారి, తర్వాతొకసారి రాసిపెట్టుకో. పేర్లు తెలుగులో ఉంటే మెమరీ అంచనా పెంచు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో "వంకాయ" 15 బైట్లు, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 7.

పైప్‌లైన్‌లో, అంటే ఒక్కోదాని జవాబు కోసం ఆగకుండా వరసగా, వెయ్యి రాతలు పంపితే వెయ్యి జవాబులూ విడివిడిగా చూడాలి. ఆ తర్వాత మొదటి నుంచి, మధ్య నుంచి, చివరి నుంచి కొన్ని వందల ఐడీలు డేటాబేసులోనే ఎంచుకుని, రెండు చోట్లా మళ్లీ చదివి విలువలు పోల్చు. ఐడీలను క్యాష్ నుంచి ఎంచుకుంటే లేనివి ఎప్పటికీ కనబడవు. కీల లెక్క సరిపోయిందని ఆగిపోకు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది మరొకటి. నీ ప్రోగ్రాం ధర 40 అని చదివింది. అది రాసేలోపు ఎవరో డేటాబేసులో 45 చేశారు, యాప్ క్యాష్‌లోనూ 45 రాసింది. ఆ తర్వాత నీ ప్రోగ్రాం తీరిగ్గా 40 రాసేస్తుంది. కొనేవాళ్లకు పాత ధరే కనబడుతుంది. దీనికి ప్రతి వరుసకూ, మారిన ప్రతిసారీ పెరిగే మార్పు సంఖ్య ఒకటి ఉంచి, విలువతో పాటు క్యాష్‌లోనూ దాచు. ఉన్నదానికన్నా పెద్ద సంఖ్య వస్తేనే రాయి. ఆ పోలిక, ఆ రాత రెడిస్ మధ్యలో ఆపకుండా నడిపే ఒకే లువా స్క్రిప్టులో (చిన్న ప్రోగ్రాంలో) జరగాలి, లేకపోతే మధ్యలో ఇంకొకరు దూరతారు. ధర మారినప్పుడు మీ యాప్ కీని చెరిపేసే రకమైతే పోల్చడానికి ఏమీ మిగలదు. చెరపకుండా కొత్త విలువే రాయమని మీవాళ్లతో మాట్లాడు.

కీలు వాటంతటవే చెరిగిపోయే గడువు అన్నిటికీ సరిగ్గా 3600 సెకన్లు పెట్టకు, అన్నీ ఒక్కసారే పోతాయి. అటూఇటూగా కొంత కలుపు. నడుస్తున్న సర్వరు మీద కీలన్నిటినీ ఒకేసారి వెతికే "కీస్" ఆజ్ఞ వాడకు, అది ముగిసేదాకా మిగతా ఆజ్ఞలన్నీ ఆగిపోతాయి. కొన్ని కొన్నిగా వెతికే "స్కాన్" వాడు.

పోలికలో ఎన్ని తేడాలు వస్తే పని ఆపేయాలని అనుకుంటున్నావో నాకు రాయి. ఆ అంకె పెట్టేముందు ఒకసారి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ బాబాయి