ట్రోలింగ్ మోటారు బ్రేకరు మాటిమాటికీ పడిపోతోంది, 60 ఆంపులది తీసి 100 ఆంపులది వేయొచ్చా?

వేయొద్దండీ. మీరు రాసినదాన్ని బట్టి మీది 24 వోల్టుల, 80 పౌండ్ల థ్రస్ట్ (తోపుడు బలం) ఉన్న మిన్ కోటా కంపెనీ ట్రోలింగ్ మోటారు, అంటే చేపల వేటలో బోటును మెల్లగా నడిపే కరెంటు మోటారు. వెనక బ్యాటరీల నుంచి ముందుదాకా ఇరవై అడుగుల 8 గేజి వైరు. బ్రేకరు ఉన్నది మోటారును కాపాడటానికి కాదు, ఆ వైరును కాపాడటానికి. ఆ మోటారు ఫుల్ స్పీడులో లాగేది 56 ఆంపులు, అందుకే కంపెనీ 60 ఆంపుల బ్రేకరు చెబుతుంది. 105 డిగ్రీల వేడిని తట్టుకునే తొడుగున్న మంచి 8 గేజి వైరుకే 80 ఆంపులు హద్దు. 100ది పెట్టారనుకోండి, ఫ్యానుకి నాచు చుట్టుకుని మోటారు 90 లాగుతున్నా బ్రేకరు ఊరుకుంటుంది, కార్పెట్ కింద వైరు ఉడుకుతుంది.

నాది డాలస్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న బాస్ బోటు (చేపల వేట బోటు), ఇదే సెటప్పు. లేక్ ఫోర్క్ చెరువులో హైడ్రిల్లా నాచులో పడిపోతే అర్థం చేసుకోవచ్చు, ఫ్యాను శుభ్రం చేస్తే సరిపోయేది. రే హబ్బర్డ్ చెరువులో ఏ నాచూ లేని నీళ్లలో కూడా పడిపోవడంతో అనుమానం వచ్చింది. రాంప్ (బోటు నీళ్లలోకి దింపే వాలు) దగ్గర బోటు కట్టేసి, మోటారు ఫుల్‌లో తిప్పుతూ బ్రేకరు రెండు స్టడ్ల (వైర్లు బిగించే బోల్టుల) మీద మల్టీమీటరు పెట్టాను. అర వోల్టు పైనే పోతోంది అక్కడ. 50 ఆంపుల దగ్గర అర వోల్టంటే 25 వాట్ల వేడి, అదీ అంత చిన్న డబ్బాలో! నట్టు విప్పితే లగ్ (వైరు చివర ఉండే రింగు) కింద రాగి నల్లగా మాడి ఉంది, పక్కన వైరు తొడుగు గోరుతో నొక్కితే దిగిపోయేంత మెత్తబడింది. ఈ బ్రేకర్లు వేడికి పడే రకం. ఆ వేడి ఎక్కువ కరెంటుదా, లూజు నట్టుదా అన్నది దానికి అనవసరం. మాడిన ముక్క కోసేసి కొత్త లగ్ క్రింప్ చేసి (నొక్కి బిగించి), బ్రేకరూ మార్చాక మళ్లీ పడలేదు. ఈ పరీక్ష నీళ్లలోనే చేయాలి, ట్రైలర్ మీద గాలిలో తిప్పితే లోడు ఉండదు.

అంతకంటే నన్ను భయపెట్టింది ఇంకోటి. ముందటి ఓనరు బ్రేకరును ముందు, పెడల్ పక్కన పెట్టాడు. అంటే బ్యాటరీ నుంచి అక్కడిదాకా వైరంతటికీ ఏ రక్షణా లేదు. మధ్యలో ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయితే ఆపేవాళ్లే లేరు. దయచేసి మీది ఎక్కడుందో ఇవాళే చూడండి. ఏబీవైసీ (అమెరికాలో బోట్ల ప్రమాణాలు రాసే సంస్థ) నియమం ప్రకారం బ్రేకరు పాజిటివ్ వైరు మీద, బ్యాటరీకి 7 అంగుళాల లోపు ఉండాలి. వైరు నేరుగా బ్యాటరీ టెర్మినల్‌కే బిగించి, పొడుగునా గొట్టంలో పోతుంటే 72 అంగుళాల దాకా పర్వాలేదు.

వైరు కూడా 6 గేజికి మార్చండి, గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావు. రానూపోనూ నలభై అడుగులకి 8 గేజిలో దాదాపు 1.4 వోల్టులు పోతాయి, 6 గేజిలో 0.9 లోపే.

కొనేటప్పుడు చేత్తో రీసెట్ చేసే, ట్రిప్-ఫ్రీ (మీట నొక్కి పట్టుకున్నా పడిపోయే) మెరైన్ బ్రేకరు, డీసీ 48 వోల్టుల రేటింగుతో తీసుకోండి. పెట్రోలు ట్యాంకు దగ్గరైతే ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ (దాని నిప్పురవ్వతో పెట్రోలు ఆవిరి అంటుకోదు) అని రాసి ఉండాలి. ఇంటి ఏసీ ఎంసీబీ అసలు వద్దు, డీసీలో లేచే ఆర్క్‌ను అది తెంచలేకపోవచ్చు. లిథియం బ్యాటరీలైతే షార్ట్ అయినప్పుడు కరెంటు విపరీతంగా వస్తుంది, బ్రేకరు దాన్ని తెంచగలదో లేదో రేటింగు చూసుకోండి, లేదంటే అంత కరెంటునీ తెంచగల క్లాస్ టీ రకం ఫ్యూజు వేయండి.

ఎన్ని నిమిషాలకి పడుతోంది, అప్పుడు స్టడ్ల మధ్య ఎంత వోల్టేజీ చూపిస్తోంది, కొలిచి రాయండి.