డాక్టరుగారు అడిగితే "బాగున్నానండి" అనకు

చిన్నీ,

నీ మెసేజ్ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. "నా ఆందోళన కంటికి కనబడే జబ్బు కాదు కదా పెద్దమ్మా, సదరం క్యాంపులో నాకు దివ్యాంగుల సర్టిఫికెట్ ఎవరిస్తారు" అని రాశావు. ఆరేళ్ళ కిందట మీ పెదనాన్నతో నేనన్నదీ ఇదే మాట. అందుకే తెలిసినదంతా రాస్తున్నాను. ఒక్కరోజులో చదవలేకపోతే రెండు రోజులు తీసుకో.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. అందులో మానసిక అనారోగ్యం ఒకటి. చట్టం అడిగేది జబ్బు పేరొక్కటే కాదు, ఆ జబ్బు రోజువారీ బతుకుని ఎంతగా కుంగదీసిందని కూడా. ఆందోళన ఉన్న ప్రతి ఒక్కరికీ సర్టిఫికెట్ రాదు, ఆ మాట ముందే చెప్తున్నాను. మందులు వాడుతూ ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళకి, పెన్షనుకీ రిజర్వేషన్‌కీ కావాల్సిన 40 శాతం సాధారణంగా రాదు. నీ సంగతి వేరు. నాలుగేళ్ళుగా మందులు మింగుతూ కూడా బడిలో ఉద్యోగం నిలుపుకోలేకపోయావు, ఒంటరిగా వీధి చివరిదాకా వెళ్ళలేకపోతున్నావు. నువ్వు అడగాలి.

లెక్క ఎలా వేస్తారో తెలిస్తే సగం భయం పోతుంది. మానసిక వైద్యుడు 'ఐడియాస్' అనే స్కేలు వాడతారు. నాలుగు విషయాలు చూస్తారు: నీ పనులు నువ్వు చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటమూ అర్థం చేసుకోవడమూ, ఇంటిపనో ఉద్యోగమో చదువో చేయడం. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేస్తారు. జబ్బు ఎన్నేళ్ళ నుంచి ఉందో చూసి ఒకటి నుంచి నాలుగు మార్కులు కలుపుతారు. మొత్తం 20. ఏడు వచ్చినా 40 శాతం గీత అందుకున్నట్టే. అంటే ఎన్నేళ్ళుగా బాధపడుతున్నావో చూపించే కాగితానికీ విలువ ఉంది. మొదటి ఓపీ చీటీ నుంచి నిన్నటి మందుల చీటీ దాకా తేదీల వరసన పెట్టి ఒక ఫైలు చెయ్యి. జబ్బు పేరు డాక్టరు చేత స్పష్టంగా రాయించుకో. గవర్నమెంటు ఆసుపత్రిలో చూపించుకున్న చీటీలుంటే అవి పైన పెట్టు.

ఇక నా సంగతి చెప్తాను. మొదటిసారి క్యాంపుకి వెళ్ళేటప్పుడు ఇస్త్రీ చీర కట్టుకున్నాను, బొట్టు పెట్టుకున్నాను, పొద్దున వేసుకోవాల్సిన మాత్రతో పాటు సాయంత్రంది కూడా మింగేశాను, అక్కడ పరువు పోకూడదని. డాక్టరుగారు "ఎలా ఉన్నారమ్మా" అన్నారు. "బాగున్నానండి" అన్నాను. పెద్దవాళ్ళు అడిగితే మన నోట వచ్చే మాటే అది, ఆలోచించకుండా వచ్చేసింది. "పని చేసుకోగలుగుతున్నారా?" "చేసుకుంటానండి." ఆ ముందురోజే బస్టాండులో గుంటూరు బస్సులు నాలుగు ఎదురుగా వెళ్ళిపోయినా ఎక్కలేక నిలబడిపోయాను. చేతిలో పట్టుకున్న పదిరూపాయల నోట్లు చెమటకి తడిసి ముద్దైపోయాయి. అదేదీ ఆయనకి చెప్పలేదు. 40 లోపు వచ్చింది. ఆయన తప్పేం లేదు, నేను చెప్పిందే రాశారు.

కాబట్టి ఈ రోజు నుంచి ఒక నోటుబుక్కు పెట్టుకో. "భయంగా ఉంది" అని రాయకు, ఏం చేయలేకపోయావో రాయి. నా పుస్తకంలో ఇలా ఉండేది: "మంగళవారం. పాలవాడు బెల్లు కొట్టాడు. తలుపు తీయలేదు. పాలు గుమ్మంలోనే విరిగిపోయాయి. బుధవారం. తమ్ముడు ఫోన్ చేశాడు, ఎత్తలేక ఫోన్ తలగడ కింద పెట్టాను. గురువారం. స్నానం చేయలేదు, మూడో రోజు." రెండు నెలలు రాస్తే చాలు. మంచి రోజులు కూడా రాయి. ఉన్నదానికి ఒక్క ముక్క కూడా కలపకు. పెంచి చెప్తే రెండో ప్రశ్నకే బయటపడుతుంది, దాంతో నీ నిజం కూడా కొట్టుకుపోతుంది. ఎవరైనా వచ్చి "పర్సంటేజీ నేను వేయిస్తాను, ఇంత ఇవ్వండి" అంటే గుమ్మంలోనే పంపించెయ్. పాత సర్టిఫికెట్లు మళ్ళీ తనిఖీ చేయడం ఉంటుంది, నిజమైన కాగితమే నిలబడుతుంది.

స్లాటు సచివాలయంలోగానీ మీసేవలోగానీ బుక్ చేయించు. ఆధార్, ఫోటోలు, ఫైలు పెట్టుకో. మందులు ఎప్పటిలాగే వేసుకో. జబ్బుగా కనబడాలని మానెయ్యకు, నాలాగా రెట్టింపు మింగకు. రోజూ ఇంట్లో ఉండే చీరో చుడీదారో వేసుకుని వెళ్ళు. అక్కడ జనం ఉంటారు, పేర్లు గట్టిగా పిలుస్తారు. నీలాంటివాళ్ళకి అదే పెద్ద పరీక్ష. తలుపు దగ్గర కూర్చో, మంచినీళ్ళు పెట్టుకో. గుండె దడదడలాడితే ఊపిరి పీల్చినదానికన్నా వదలడం నెమ్మదిగా, ఎక్కువసేపు చెయ్యి. అప్పటికీ లోపలికి వెళ్ళి మాట రాకపోతే నోటుబుక్కు చేతిలో పెట్టు.

అన్నిటికన్నా ముఖ్యం, నిన్ను దగ్గర నుంచి చూసే మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళు. రెండోసారి మీ పెదనాన్న పక్కన కూర్చుని "అన్నం వండుతుంది, కానీ కూరగాయలు నేనే తేవాలి. మూడేళ్ళయింది అది బజారు మొహం చూసి" అన్నారు. నేను తల దించుకున్నాను. ఆ మాటతోనే డాక్టరుగారు పెన్ను కింద పెట్టి నా వైపు తిరిగి మళ్ళీ మొదటి నుంచి అడిగారు. మీ అమ్మ చెప్పేటప్పుడు నీకు సిగ్గనిపిస్తుంది. ఆపకు, చెప్పనివ్వు.

మానసిక జబ్బుకి కొన్నాళ్ళ గడువుతో సర్టిఫికెట్ ఇవ్వడమూ ఉంటుంది, దానికి బెంగపడకు. శాతం తక్కువొస్తే గడువులోపు పైఅధికారికి అప్పీలు చేసుకోవచ్చు. నేనలాగే మళ్ళీ వెళ్ళాను. 40 గానీ ఆపైన గానీ వస్తే ఆంధ్రలో దివ్యాంగుల పెన్షన్ నెలకి 6,000, తెలంగాణలో 4,016. ఆదాయం షరతులు వేరే ఉంటాయి, సచివాలయంలో కనుక్కో. గవర్నమెంటు ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో మానసిక అనారోగ్యానికీ వాటా ఉంది, నువ్వు మళ్ళీ పరీక్షలు రాయాలనుకున్నప్పుడు పనికొస్తుంది.

రాత్రిపూట తట్టుకోలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలిమానస్ అది, మనసు బాగాలేనివాళ్ళకి గవర్నమెంటు పెట్టిన ఫోన్ సాయం, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులుండవు. నాకైనా చెయ్యి, ఎంత రాత్రైనా సరే. నీ నంబరు చూస్తే ఎత్తుతాను.

స్లాటు తేదీ రాగానే చెప్పు. ముందురోజు సాయంత్రానికే వచ్చేస్తాను, ఫైలు ఇద్దరం కూర్చుని సర్దుదాం.

మీ పెద్దమ్మ