రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ ఛార్జి: కట్టాలా, వద్దనవచ్చా?

ప్రశ్న: లాయరు గారూ, మాది విజయవాడ. పోయిన నెల కుటుంబంతో హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక రెస్టారెంట్‌లో భోంచేశాం. టేబుల్ మీది క్యూఆర్ కోడ్ మెనూలో బిర్యానీ 380 రూపాయలని ఉంది. బిల్లులో మాత్రం రెండు బిర్యానీలకు 420 చొప్పున వేశారు. 20 రూపాయల ఎంఆర్‌పీ ఉన్న నీళ్ల బాటిల్‌కు 60 చొప్పున మూడింటికి 180 తీసుకున్నారు (మెనూలో కూడా 60 అనే ఉంది). అన్నీ కలిపి 2,640. దానిమీద 10 శాతం సర్వీస్ ఛార్జి 264. ఈ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ 145.20. చివరికి 3,049 కట్టాం. సర్వీస్ ఛార్జి తీసేయమంటే, "గుమ్మం దగ్గర బోర్డు పెట్టాం సార్, చూసే కదా లోపలికొచ్చారు" అన్నారు. బయట తినడమే బరువైపోయిన రోజుల్లో ఇలా ఎంత పడితే అంత వేయొచ్చా? కట్టేశాక ఇక అడిగే హక్కు పోయినట్టేనా?

జవాబు: మీరు అడిగినవాటిలో కొన్నింటికి చట్టం మీ వైపు గట్టిగా ఉంది, ఒకదానికి మాత్రం లేదు. ముందుగా ఒక అపోహ తీసేద్దాం. వండి వడ్డించే పదార్థానికి ఇంతకు మించి తీసుకోకూడదని రెస్టారెంట్లకు పైపరిమితి పెట్టే చట్టం లేదు. ప్లేటు ఇడ్లీ 40కి అమ్మాలా 140కి అమ్మాలా అన్నది యజమాని ఇష్టం. కాబట్టి "ధరలు విపరీతంగా పెంచారు" అని ఫిర్యాదు చేస్తే నిలబడదు. అయితే ఒకసారి ధర రాసి చూపించాక ఆ రాతకు అతను కట్టుబడాలి. మీ కేసులో బలమంతా ఇక్కడే ఉంది.

బిర్యానీ సంగతి

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(6) ఏయే కారణాలతో ఫిర్యాదు చేయవచ్చో చెబుతుంది. వ్యాపారి తాను ప్రదర్శించిన ధరల పట్టికలో ఉన్నదానికన్నా ఎక్కువ వసూలు చేయడం వాటిలో ఒకటి. క్యూఆర్ మెనూ కూడా ధరల పట్టికే. "మెనూ అప్‌డేట్ కాలేదు" అన్నది వాళ్ల ఇబ్బంది, దాని భారం మీ మీద పడకూడదు. రెండు బిర్యానీలకు 80 రూపాయలు, దాని మీద పడిన జీఎస్టీ మీకు వెనక్కి రావాలి.

ఇలాంటి కేసులు సాధారణంగా దెబ్బతినేది రుజువు దగ్గరే. క్యూఆర్ మెనూ ఇంటర్నెట్‌లో ఉంటుంది, ఫిర్యాదు అందిన అయిదు నిమిషాల్లో 380ని 420గా మార్చేయవచ్చు. ఆ రోజు స్క్రీన్‌షాట్ తీసి ఉంటే సరే. లేకపోతే ఇప్పుడే ఆ లింకు తెరిచి చూడండి, పాత ధరే ఉంటే తేదీ, సమయం కనబడేలా తీసి పెట్టుకోండి. ఇక బిల్లు. థర్మల్ కాగితం మీద అచ్చయిన బిల్లు కొన్ని నెలల్లో వెలిసిపోయి తెల్లకాగితం అవుతుంది, పర్సులో పెట్టి ఎండలో తిరిగితే ఇంకా త్వరగా. ఈ రోజే ఫొటో తీసి, జిరాక్స్ కూడా తీయించండి.

సర్వీస్ ఛార్జి, గుమ్మం దగ్గర బోర్డు

సర్వీస్ ఛార్జి పన్ను కాదు. అందులో ఒక్క రూపాయి కూడా సర్కారు ఖజానాకు వెళ్లదు, యజమాని ఖాతాలో పడుతుంది. బిల్లులో జీఎస్టీ పక్కనే అచ్చువేయడం వల్ల చాలామంది అదీ ఒక పన్నే అనుకుని కట్టేస్తుంటారు.

2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) దీనిమీద మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్లులో సర్వీస్ ఛార్జిని దానంతటదే కలపకూడదు. వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు. కట్టమని బలవంతపెట్టకూడదు, కట్టకపోతే లోపలికి రానివ్వమనో వడ్డించమనో అనకూడదు. అది పూర్తిగా ఐచ్ఛికమని స్పష్టంగా చెప్పాలి. భోజనం బిల్లులో కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. మీ బిల్లు ఈ చివరి నిబంధనను కూడా తప్పింది. 264 మీద అదనంగా 13.20 జీఎస్టీ పడింది చూడండి.

హోటళ్లు, రెస్టారెంట్ల సంఘాలు ఈ మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశాయి. మొదట్లో స్టే వచ్చింది. అందుకే "కోర్టు స్టే ఉంది సార్" అన్న మాట ఇప్పటికీ క్యాష్ కౌంటర్ల దగ్గర వినిపిస్తుంది. 2025 మార్చి 28న హైకోర్టు ఆ పిటిషన్లు కొట్టేసింది. మార్గదర్శకాలు చెల్లుతాయని తేల్చి, పిటిషన్ వేసిన రెండు సంఘాలకూ చెరో లక్ష రూపాయల ఖర్చులు కూడా విధించింది. సంఘాలు అప్పీలు వేశాయి. కానీ అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగిపోదు. స్టే అని ఎవరైనా అంటే ఆ ఉత్తర్వు కాపీ చూపించమనండి.

బోర్డు విషయానికొస్తే, ముందే చెప్పి వసూలు చేయవచ్చన్నది సంఘాల వాదన. కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. తప్పనిసరి అని రాసిన బోర్డు వినియోగదారుడి అంగీకారం కాబోదు. "సర్వీస్ ఛార్జి ఐచ్ఛికం" అని రాసిన బోర్డయితే అది మీకే అనుకూలం, వద్దన్న వెంటనే తీసేయాలి. వడ్డించిన సప్లయర్‌కు ఏమైనా ఇవ్వాలనిపిస్తే చేతికే ఇవ్వండి, దానికి బిల్లుతో సంబంధం లేదు.

నీళ్ల బాటిల్

ఇక్కడ మాత్రం మీకు నిరాశే. ఎంఆర్‌పీకి మించి అమ్మితే నేరమన్న సూత్రం కిరాణా కొట్టుకు, బేకరీ కౌంటర్‌కు వర్తిస్తుంది గానీ కూర్చోబెట్టి వడ్డించే రెస్టారెంట్‌కు కాదు. 2017 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. రెస్టారెంట్‌లో మీరు కొనేది బాటిల్ ఒక్కటే కాదు. బల్ల, ఏసీ, వడ్డన అన్నీ కలిసిన సేవ అన్నది దాని తర్కం. మెనూలో 60 అని రాసి, మీరు తెప్పించుకుని తాగారు కాబట్టి ఆ 120 తేడా గురించి పట్టుబట్టకండి. ఫిర్యాదులో దాన్ని చేరిస్తే మిగతా గట్టి అంశాలు కూడా పలుచనవుతాయి. ఈసారి కూర్చోగానే "మామూలు నీళ్లు తెండి" అని చెప్పండి. మెనూలో ధర లేకుండా బల్ల మీద బాటిల్ పెట్టేస్తే, మూత తీయకముందే ఎంతని అడగండి. అదే బాటిల్‌ను పార్శిల్ కౌంటర్‌లో చేతికిచ్చి ఎంఆర్‌పీకి మించి తీసుకుంటే సంగతి వేరు, అది ఉత్త అమ్మకమే. అక్కడ తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

అయితే ఈ తీర్పు సర్వీస్ ఛార్జి విషయంలో మీకే పనికొస్తుంది. 20 రూపాయల బాటిల్‌కు 60 తీసుకున్నది వడ్డనకు, వాతావరణానికి అయితే, మళ్లీ 10 శాతం దేనికి? 2025 ఆగస్టులో అప్పీలు విచారణలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం కూడా సంఘాలను ఇదే ధోరణిలో ప్రశ్నించింది. మీ ఫిర్యాదులో ఒక వాక్యంగా ఈ పాయింటు రాయండి.

జీఎస్టీ సరిగా వేశారా

విడి రెస్టారెంట్ల భోజనం మీద జీఎస్టీ 5 శాతం, అంటే కేంద్రానికి 2.5, రాష్ట్రానికి 2.5. రోజుకు 7,500 రూపాయలకు మించిన అద్దె గదులున్న పెద్ద హోటల్లోని రెస్టారెంట్ అయితే 18 శాతం ఉండవచ్చు. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. బిల్లులో మద్యం ఉంటే దానికి జీఎస్టీ లెక్క కట్టకూడదు. 5 శాతం వేసే రెస్టారెంట్‌కు తాను అద్దె మీద, సరుకుల మీద కట్టిన జీఎస్టీ తిరిగి సర్దుబాటు కాదు. ఆ భారం మెనూ ధరలోనే కలిసి ఉంటుంది. "మాకు క్రెడిట్ రాదు సార్, అందుకే ఈ ఛార్జి" అన్న సాకు అందుకే చెల్లదు.

చిన్న హోటళ్లలో ఇంకో మోసం ఉంది. ఏడాదికి కోటిన్నర లోపు టర్నోవర్ ఉన్నవాళ్లు కాంపొజిషన్ పథకంలో చేరవచ్చు. వాళ్లు పన్ను తమ జేబులోంచి కట్టాలి, మన దగ్గర విడిగా వసూలు చేయకూడదు. ఆ సంగతి బోర్డు మీద, బిల్లు మీద రాయాలి కూడా. అసలు రిజిస్ట్రేషనే లేనివాళ్లు జీఎస్టీ పేరుతో ఒక్క పైసా తీసుకోకూడదు. తెలుసుకోవడం తేలిక. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటుంది. తెలంగాణ అయితే 36తో, ఆంధ్రప్రదేశ్ అయితే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ట్యాక్స్‌పేయర్ సెర్చ్‌లో ఆ నంబరు కొడితే రెగ్యులరా, కాంపొజిషనా, రిజిస్ట్రేషన్ రద్దయిందా అన్నీ వస్తాయి. అందులోనే యజమాని లేదా కంపెనీ అసలు పేరు ఉంటుంది. దాన్ని రాసి పెట్టుకోండి, కింద అవసరం పడుతుంది.

మీ లెక్క

సరైన బిల్లు ఇలా ఉండాలి: 2,640లో బిర్యానీ తేడా 80 తీసేస్తే 2,560. దాని మీద 5 శాతం 128. మొత్తం 2,688. మీరు కట్టింది 3,049. అంటే 361 రూపాయలు అదనం. ఫిర్యాదులో ఈ అంకెనే రాయండి, గుండుగుత్తగా 400, 500 అని వద్దు.

కట్టేశాక హక్కు పోతుందా అంటే, పోదు. బలవంతం మీద కట్టినది ఒప్పుకుని కట్టినట్టు కాదు. ఇలాంటి సందర్భం మళ్లీ వస్తే యూపీఐలో పంపేటప్పుడు రిమార్క్ గడిలో "సర్వీస్ ఛార్జి అభ్యంతరంతో" అని టైపు చేయండి, లేదా బిల్లు వాళ్ల కాపీ మీద "అభ్యంతరంతో చెల్లించాను" అని రాసి సంతకం పెట్టండి. ఇంకో దారి, సర్వీస్ ఛార్జి, దాని జీఎస్టీ మినహాయించి మిగతాది కట్టేయడం. మొత్తం బిల్లే కట్టకుండా లేచిపోకండి, అప్పుడు తప్పు మీ వైపుకు వస్తుంది. భోజనం డబ్బు కట్టాక కూడా సర్వీస్ ఛార్జి కోసం తలుపు దగ్గర ఆపితే అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 126 కింద అక్రమ నిరోధం. 112కి ఫోన్ చేయండి. నిజానికి ఫోన్ బయటికి తీయగానే మేనేజర్ బిల్లులో సర్వీస్ ఛార్జి లైను కొట్టేస్తాడు.

డబ్బు వెనక్కి రాబట్టడం

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు. వాట్సాప్ నంబరు 88000 01915. బిల్లు ఫొటో, మెనూ స్క్రీన్‌షాట్, చెల్లింపు రుజువు పంపి, డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదైన నంబరు) తీసుకోండి. ఇది కోర్టు కాదు, తీర్పు చెప్పదు. రెస్టారెంట్‌కు మీ ఫిర్యాదు పంపి సమాధానం అడుగుతుంది, అంతే. అయినా 361 రూపాయల స్థాయి గొడవలకు నా ఓటు దీనికే. వాళ్లు డబ్బు వాపసు ఇస్తామంటే నోటిమాటతో ఫిర్యాదు మూసేయకండి. సవరించిన బిల్లు అడగండి, డబ్బు ఖాతాలో పడ్డాకే సరే అనండి.

అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. తిన్నది హైదరాబాద్‌లో అయినా కేసు హైదరాబాద్‌లోనే వేయనక్కర్లేదు. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోట, అంటే విజయవాడలోనే వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు సంఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్లు.

ముందుగా స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. చట్టం తప్పనిసరి అనకపోయినా, కమిషన్ ముందు అది మీ ఓపికకు సాక్ష్యం. ఫిర్యాదుకు అఫిడవిట్ జతచేయాలి. ప్రతివాది పేరు దగ్గరే చాలామంది చేసే పొరపాటు ఉంటుంది. బోర్డు మీది పేరు రాస్తారు, ఆ పేరుతో చట్టపరంగా ఎవరూ ఉండరు, నోటీసు తిరిగొస్తుంది, వాయిదాలు పడతాయి. జీఎస్టీ పోర్టల్‌లో దొరికిన అసలు పేరు, చిరునామా రాయండి, బ్రాండ్ పేరు పక్కన చేర్చండి.

సెక్షన్ 39 కింద అడగాల్సినవి: 361 రూపాయల వాపసు, మనస్తాపానికి పరిహారం, ఖర్చులు, ఇకమీదట ఈ వసూలు ఆపాలన్న ఆదేశం. పరిహారం కింద అయిదారు లక్షలు అడిగితే ఎక్కువ వస్తుందనుకోకండి. ఇలాంటి కేసుల్లో కమిషన్లు సాధారణంగా వేలల్లోనే ఇస్తాయి, పెద్ద అంకె చూస్తే మీ ఉద్దేశం మీదే అనుమానం వస్తుంది.

ఆ రెస్టారెంట్ అందరి దగ్గరా ఇలాగే వసూలు చేస్తోందంటే, సెక్షన్ 17 కింద జిల్లా కలెక్టర్‌కు గానీ సీసీపీఏకి గానీ విడిగా ఫిర్యాదు రాయండి. ఇందులో మీకు పరిహారం రాదు, కానీ వాళ్లు విచారణ జరిపి వసూలు ఆపించగలరు. కమిషన్‌లో మీ కేసు నడుస్తున్నా దీనికి అడ్డు లేదు. ఇక్కడ ఫిర్యాదు హైదరాబాద్ కలెక్టర్ పేరున రాయాలి, ఎందుకంటే రెస్టారెంట్ ఉన్నది అక్కడ.