డబుల్స్ తినకుండా ట్రినిడాడ్ నుంచి తిరిగి రాకండి

ప్రయాణాలు: మీరు అడిగారు, మేం చెబుతున్నాం

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. ఈసారి మేం వెళ్లినప్పుడు వారం రోజులు కరీబియన్ దీవులకు తీసుకుపోతానంటున్నాడు. మా ఆయనా నేనూ గుడ్డు కూడా ముట్టం. తిండికి ఏం చేయాలా అని ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. కుక్కర్, పులిహోర పొడి సర్దుకుని పోవాల్సిందేనా?
– పాఠకురాలు, పలమనేరు

జవాబు: కుక్కర్ ఇంట్లోనే పెట్టేయండమ్మా. మీ అబ్బాయిని ట్రినిడాడ్‌కు టికెట్లు తీయమనండి. మిగతా దీవుల్లో బీచ్‌లు ఇంతకంటే అందంగా ఉండొచ్చు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ గుడ్డు కూడా తినని మనిషి పొద్దున లేచి రోడ్డు మీదికి పోయి కడుపు నిండా తిని రాగలిగే చోటు ఆ చుట్టుపక్కల ఇంకొకటి నాకు కనబడలేదు. 1845 నుంచి 1917 దాకా చెరుకు తోటల్లో పనికని లక్షా నలభై వేల మందికి పైగా మనవాళ్లను ఓడల్లో ఆ దీవికి తీసుకుపోయారు. ఎక్కువమంది కలకత్తా రేవులో ఎక్కిన ఉత్తరాది వాళ్లు, కొంతమంది మద్రాసు రేవులో ఎక్కిన తమిళులు, తెలుగువాళ్లు. మాట్లాడే భాష తరాలు మారేసరికి పోయింది గానీ పొయ్యి మీది వంట మాత్రం నిలబడింది.

అక్కడి పొద్దుటి టిఫిన్ డబుల్స్. పసుపు కలిపి నానబెట్టిన మైదాపిండిని అరచేయంత వెడల్పున పలచగా తట్టి నూనెలో వేసి తీస్తారు, దాన్ని బారా అంటారు. మన వడ, ఉత్తరాది బడా, అక్కడి బారా, అంతా ఒకటే మాట. బండి ముందు నిలబడి ఆ అమ్మే మనిషి చేతులు చూడండి. కాగితం పరిచి, రెండు బారాలు ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా వేసి, గరిటెడు శనగల కూర పోసి, పైన చింతపండు చట్నీ, సన్నగా తరిగిన కీరా, మిరప సాస్ వేసి, కాగితం రెండు కొసలూ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పి చేతిలో పెడతాడు, అంతా కలిపి పది సెకన్లు కూడా పట్టదు. కూర పలచగా ఉంటుంది కాబట్టి కాగితం విప్పగానే ముందుకు వంగి తినాలి, లేకపోతే చొక్కా పాడవుతుంది. రెండు బారాలు కాబట్టి డబుల్స్. మన డబ్బులో ఒకటి నూరు రూపాయల లోపే వస్తుంది. పొద్దున త్వరగా వెళ్లండి, మంచి బండ్ల దగ్గర ఎండ ముదిరేలోపే అయిపోతాయి.

కారం గురించి ఒక మాట. "స్లైట్" అంటే కొంచెం కారం, "వితౌట్ పెప్పర్" అంటే అసలు వద్దని. మొదటిసారి స్లైట్ అనే చెప్పండి. మనం ఊరిబిండి, ఎర్రగారం తిని పెరిగినవాళ్లం, మనకేం కారం అని నేనూ అనుకుని నిండుగా వేయించుకున్నాను, పూట మొత్తం కడుపులో మంట తగ్గలేదు. ఆ దీవిలో పండే మొరుగా స్కార్పియన్ అనే మిరపను 2012లో అమెరికాలోని న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షిస్తే కారాన్ని కొలిచే స్కోవిల్ యూనిట్లలో సగటున 12 లక్షలు దాటింది, కొన్ని కాయలైతే 20 లక్షలు దాటాయి. మన గుంటూరు మిరప వేలల్లోనే ఉంటుంది.

దీవి దక్షిణాన డేబే అని ఒక ఊరుంది, అక్కడ రోడ్డు పక్కన వరుసగా చిరుతిళ్ల కొట్లు. సహీనా అడగండి, చేమాకు, పప్పుపిండి కలిపి వేయించినది. ఫులోరీ చూడటానికి మన పునుగుల్లాగే ఉంటుంది, మామిడికాయ చట్నీలో ముంచుకుని తింటారు. రోటీ కొట్లలో దాల్‌పూరీ తప్పకుండా తినండమ్మా. ఉడికించిన పప్పును పొడిపొడిగా చేసి జీలకర్ర వేసి లోపల పెట్టి పలచగా ఒత్తుతారు. బెల్లం లేని ఓళిగ అనుకోండి. ఇంట్లో ఓళిగలు చేసే మనిషికి ఆ పప్పు బయటికి రాకుండా అంత పలచగా ఎలా ఒత్తారో చూస్తేనే ముచ్చటేస్తుంది. అందులోకి శనగలు, ఆలుగడ్డ, గుమ్మడికాయ కూర అడగొచ్చు. బైంగన్ చోకా అంటే నిప్పుల మీద కాల్చిన వంకాయను మెదిపి వెల్లుల్లి తాలింపు వేసింది, మీకు పరిచయం చేయక్కర్లేదు. కొత్తిమీర వాసనతో పొడుగాటి ఆకు ఒకటి అన్నిటిలో వేస్తారు, దాన్ని షాడో బెనీ అంటారు.

జాగ్రత్త పడాల్సింది కలలూ దగ్గర. చేమాకు, బెండకాయ, కొబ్బరిపాలు అని చెబుతారు, నిజమే, కానీ అందులో పీతో, ఉప్పులో ఊరిన పంది మాంసమో వేయడం మామూలు. అడగకుండా గిన్నె చేతికి తీసుకోవద్దు. రోటీ కొట్లలో మాంసం కూరకు, మీ కూరకు ఒకే గరిటె వాడకుండా కూడా ముందే చెప్పండి, ఏమీ అనుకోరు. శాకాహారం పాటించే కుటుంబాలు అక్కడా ఉన్నాయి.

ప్రశ్న: మేం ముగ్గురం ఫ్రెండ్స్. మాకు చేపలు, బీచ్ ఉంటే చాలు. ఎక్కడికి పోవాలి?
– పాఠకుడు, చిత్తూరు

జవాబు: రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి ఉత్తరంగా కొండ దారిలో పోతే మరాకస్ బే. దారి మన ఘాట్ రోడ్డులాగా మెలికలు తిరుగుతుంది, ఒక్కో మలుపులో సముద్రం కనబడుతుంది. అక్కడ పేరున్న తిండి బేక్ అండ్ షార్క్, అంటే నూనెలో పొంగిన రొట్టె మధ్య వేయించిన సొరచేప. రొట్టె చేతికిచ్చాక చింతపండు సాస్, షాడో బెనీ సాస్, వెల్లుల్లి సాస్, క్యాబేజీ, అనాసపండు ముక్కలు ఎవరికి కావాల్సింది వాళ్లు వేసుకోవాలి. కాకపోతే నా మాటగా ఒకటి చెబుతాను తమ్ముడూ, ప్రపంచమంతటా సొరచేపలు తగ్గిపోతున్నాయి, అదే రొట్టెలో వంజరం పెట్టమంటే పెట్టే కొట్లున్నాయి, రుచిలో తేడా ఏమీ ఉండదు. అక్కడ అలలు లోపలికి బలంగా లాగుతాయి, ఎర్ర జెండా ఉంటే నీళ్లలోకి దిగొద్దు.

నీళ్లు అద్దంలా ఉండాలంటే అదే దేశంలోని పక్క దీవి టొబాగో పోవాలి, విమానంలో అరగంట కూడా పట్టదు. స్టోర్ బే దగ్గర పీతల కూరలో పిండి ముద్దలు వేసి ఇస్తారు, చేతులతో పగలగొట్టుకుని తినడమే. పడవలో నైలాన్ పూల్‌కు తీసుకుపోతారు, సముద్రం మధ్యలో నడుం లోతు నీళ్లు. దారిలో బక్కూ రీఫ్ పగడాల మీద కాలు పెట్టొద్దు.

ప్రశ్న: తిండి సరే, నాలుగు రోజుల్లో చూడాల్సినవి ఏవి?
– పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఒక్కటే చూడమంటే కరోనీ చిత్తడి నేలలకు పొమ్మంటాను. సాయంత్రం నాలుగింటికి పడవలు బయలుదేరతాయి. మడ చెట్ల మధ్య సన్నటి కాలువల్లో పోయి ఒక మడుగులో ఆగుతారు, ఇంజన్ ఆపేస్తారు, ఎవరూ మాట్లాడరు. పొద్దు వాలుతుండగా స్కార్లెట్ ఐబిస్ పక్షులు గుంపులు గుంపులుగా వచ్చి ఎదురుగా ఉన్న చెట్ల మీద వాలతాయి, చూస్తూ ఉండగానే పచ్చటి చెట్టు ఎర్రబడిపోతుంది. మన పులికాట్‌లో ఫ్లెమింగోలకు గులాబీ రంగు వచ్చినట్టే వీటికీ తిండి నుంచే ఆ ఎరుపు వస్తుంది, పిల్లలుగా ఉన్నప్పుడు గోధుమ రంగులోనే ఉంటాయి. ఆ దేశపు జాతీయ పక్షుల్లో ఇదొకటి. అయినా దొంగతనంగా వేటాడి తినేవాళ్లుండటంతో 2018లో చట్టం గట్టిగా బిగించి, లక్ష ట్రినిడాడ్ డాలర్ల దాకా జరిమానా పెట్టారు. కాబట్టి దాని మాంసం రుచి చూపిస్తామని ఎవరైనా చెవిలో చెబితే అక్కడి నుంచి వెళ్లిపోండి.

రెండోది వాటర్లూలో సముద్రంలో గుడి. శివదాస్ సాధు అనే చెరుకు తోట కూలీ 1947లో ఒడ్డున గుడి కట్టుకుంటే, ఆ నేల చక్కెర కంపెనీదని కూలగొట్టించి, ఆయన్ను 14 రోజులు జైల్లో పెట్టారు. నేల మీద కట్టనివ్వకపోతే సముద్రంలో కడతానని, సైకిల్ మీద రాళ్లు, సిమెంటు మోసుకుపోయి నీళ్లలో దిబ్బ కట్టి, దాని మీద గుడి లేపాడు. ఏళ్ల తరబడి ఒక్కడే మోశాడు. అలలకు దెబ్బతిన్న ఆ గుడిని 1990లలో ప్రభుత్వం సాయం చేసి మళ్లీ కట్టించింది. మోకాళ్ల నొప్పితో కూడా మెట్ల దారిన కొండెక్కే వాళ్లను రోజూ చూసే ఊరు మనది, అక్కడ ఆ గుడి దారి మీద నిలబడినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. దగ్గర్లోనే కారపిచైమాలో మైసూరు గణపతి సచ్చిదానంద స్వామి పీఠం వాళ్ల 85 అడుగుల హనుమంతుడి విగ్రహం ఉంది, రెండూ ఒకే పూటలో అయిపోతాయి.

లా బ్రేలోని తారు సరస్సు సుమారు నూరు ఎకరాలు, గైడ్‌తోనే నడవాలి. మార్చి నుంచి ఆగస్టు మధ్య వెళ్తే గ్రాండ్ రివియేర్ తీరంలో రాత్రిపూట గుడ్లు పెట్టే పెద్ద లెదర్‌బ్యాక్ తాబేళ్లను చూడొచ్చు. ఫ్లాష్ మాత్రం వేయకూడదు.

ప్రశ్న: ఏ నెలలో పోతే మంచిది? అక్కడ దొంగల భయం ఉందంటారు, నిజమా?
– పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: జనవరి నుంచి మే దాకా పొడి వాతావరణం, జూన్ నుంచి వానలు. భయం మాట నిజమే, దాచను. 2024 డిసెంబరు చివర్లో నేరాలు పెరగడంతో అక్కడి ప్రభుత్వం ఎమర్జెన్సీ కూడా ప్రకటించింది. చీకటి పడ్డాక రాజధానిలో నడిచి తిరగొద్దు, బంగారం ఇంట్లోనే పెట్టి పోండి, కారు, డ్రైవర్‌ను బస చేసే హోటల్ ద్వారానే మాట్లాడుకోండి.

ప్రశ్న: టీకా ఏదో వేయించుకోవాలంటున్నారు. నిజంగా అవసరమా?
– పాఠకుడు, కుప్పం

జవాబు: అవసరమే, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దోమల వల్ల వచ్చే ఎల్లో ఫీవర్ జ్వరం ముప్పున్న ప్రాంతాల జాబితాలో మన ప్రభుత్వం ట్రినిడాడ్‌ను పెట్టింది. అక్కడ ఉండి వచ్చిన ఆరు రోజుల లోపు మన దేశంలో దిగేవాళ్ల దగ్గర సర్టిఫికెట్ లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. మా బంధువు ఒకాయన ఇలాగే ఇరుక్కుని, చెల్లెలి పెళ్లికని వచ్చి పెళ్లి చూడలేకపోయాడు. టీకా వేసిన పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి చివరి వారం దాకా ఆగొద్దు. మన వైపు వాళ్లు చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకోవచ్చు, ముందుగా ఫోన్ చేసి ఏ రోజు వేస్తారో కనుక్కుని పాస్‌పోర్ట్ తీసుకుపోండి. అరవై దాటినవాళ్లు, గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి, పలమనేరు అమ్మగారు ఈ ముక్క మీరూ చదవండి. ఒకసారి వేయించుకుంటే జీవితకాలం చెల్లుతుంది. ఇక అమెరికా మీదుగా పోయేవాళ్లు విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండాల్సిందే, లండన్ మీదుగా అయితే ట్రాన్సిట్ రూల్స్ చూసుకున్నాకే టికెట్ తీయండి. టీకా వేశాక ఇచ్చే పసుపు రంగు కార్డును సూట్‌కేసులో వేయకుండా పాస్‌పోర్ట్ లోపలే పెట్టుకోండి.