రెండో తరగతి పిల్లలకు విరామ చిహ్నాలు ఎలా నేర్పాలి?

పేర్లు బట్టీ పట్టించకండి, ముందు చెవికి అలవాటు చేయండి. ‘అన్నం తిన్నావు.’, ‘అన్నం తిన్నావు?’ అని రెండు రకాలుగా పలికి, దేనికి ఏ గుర్తు పెట్టాలో పిల్లవాడినే చెప్పమనండి. ‘తిన్నావా’ అంటే చివరి దీర్ఘమే ప్రశ్నను పట్టిస్తుంది, కాబట్టి గుర్తు పని తెలియదు. దీర్ఘం లేని వాక్యంతో మొదలుపెట్టమనేది అందుకే.

కామాకు వంటిల్లే మంచి బడి. ‘అమ్మ పప్పు, పెరుగు, అన్నం పెట్టింది’ అని రాసి ఎన్ని పదార్థాలో లెక్కపెట్టమనండి: మూడు. ఇప్పుడు పెరుగు తర్వాత ఉన్న కామా చెరిపేయండి. పెరుగు, అన్నం కలిసిపోయి పెరుగన్నం అయింది, మిగిలినవి రెండే! పిల్లలు ఇది పదిసార్లు చేయమంటారు, చేయనివ్వండి. కాకపోతే, కామా కనబడిన ప్రతిచోటా ఊపిరి పీల్చమనే పాత సూత్రం మాత్రం నాకు నచ్చదు. ఆయాసం వచ్చినచోటల్లా కామా పెట్టేస్తారు.

వాక్యం చివర చుక్క మరిచిపోతుంటే ఎర్రసిరాతో దిద్దకండి. వాడు రాసింది వాడికే ఎక్కడా ఆగకుండా చదివి వినిపించండి, ఎక్కడ ఆగాలో తనే చూపిస్తాడు. ఉద్ధరణ చిహ్నాలు (ఒకరి మాటలకు ఇరువైపులా పెట్టే ‘ ’ గుర్తులు) బొమ్మల కథల్లో సంభాషణలు చదివేటప్పుడు పరిచయమైతే చాలు. సెమీకోలన్ (;) జోలికి ఈ వయసులో వెళ్లనక్కర్లేదు.