కోర్టు తేదీ నాడే ఊరికి పోవాల్సి వస్తే

దేవరకొండ నుంచి అమెరికాలోని టెక్సాస్‌కు చదువుకు వచ్చిన ఒక తమ్ముడి సందేహం ఇది. "అన్నా, డల్లాస్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి నెల దాటినా డిపాజిట్ వాపసు ఇయ్యలేదు. జస్టిస్ కోర్టులో (చిన్న మొత్తాల కేసులు చూసే స్థానిక కోర్టు) నేనే కేసు వేసిన. విచారణ తేదీ పడ్డది. అదే వారం మా నాయినకు హైదరాబాద్‌లో ఆపరేషన్. కోర్టుకు ఫోన్ చేసి చెప్తే సరిపోతదా?"

సరిపోదు తమ్ముడూ. నల్గొండ కోర్టులోనైతే మన తరఫున వకీలు లేచి వాయిదా అడుగుతాడు. ఇక్కడ వకీలు లేకుండా నువ్వే వేసుకున్న కేసు, కాబట్టి ఆ అడగడం కూడా నీ పనే, అదీ కాగితం మీద. దాన్ని మోషన్ ఫర్ కంటిన్యుయెన్స్, అంటే వాయిదా కోరే అర్జీ అంటారు. చాలా కోర్టుల వెబ్‌సైట్లలో ఫారం దొరుకుతుంది. లేకపోతే మామూలు తెల్లకాగితం మీద రాసినా తీసుకుంటారు. వాయిదా ఎందుకు కావాలో అందులో స్పష్టంగా ఉండాలి, అంతే.

పైన కేసు నంబర్, కోర్టు పేరు, ఇద్దరి పేర్లు మొదటి పిటిషన్‌లో ఉన్నట్టే రాయి. మన పేర్లతోనే తంటా. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, లీజులో ఇంకోచోట ఉంటుంది. కేసు ఏ పేరుతో వేశావో ఆ వరుసే అక్షరం తప్పకుండా దించు. తేదీ దగ్గర మరీ జాగ్రత్త. ఇక్కడ 08/05 అంటే ఆగస్టు 5, మన లెక్కన మే 8 కాదు. నెల పేరు అక్షరాల్లో రాస్తే గొడవే లేదు.

కారణం రెండు మూడు వాక్యాల్లో చాలు. నాన్నకు ఫలానా రోజు ఆపరేషన్, నేను ఫలానా రోజు బయల్దేరి ఫలానా రోజు తిరిగొస్తాను, ఆ తర్వాత తేదీ ఇవ్వండి. ఆసుపత్రి లెటర్, రానుపోను టికెట్ జతచెయ్యి. కోర్టు ఫైలు ఎవరైనా చూడొచ్చు, అందుకని ఆధార్, పాస్‌పోర్టు నంబర్లు కనపడకుండా కొట్టేసి ఇవ్వు.

చాలామంది వదిలేసేది చివరి భాగం, సర్టిఫికెట్ ఆఫ్ సర్వీస్. ఈ కాగితం కాపీని అవతలివాళ్ళకు ఏ రోజు, ఏ దారిన పంపావో రాసి సంతకం పెట్టాలి. చేతికివ్వొచ్చు, సర్టిఫైడ్ మెయిల్‌లో (మన రిజిస్టర్డ్ పోస్టులాంటిది) పంపొచ్చు. ఈమెయిల్ మాత్రం వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చెల్లుతుంది. నా మాట వింటే, ముందే అపార్ట్‌మెంట్ ఆఫీసుతో మాట్లాడు. వాయిదాకు అభ్యంతరం లేదని వాళ్ళు రాసిస్తే జడ్జి ఒప్పుకోవడం చాలా తేలికవుతుంది. కౌంటర్‌లోని క్లర్కును ఫారం గురించి, ఫైలింగ్ గురించి ఎన్నయినా అడుగు, మర్యాదగా చెప్తారు. "గెలుస్తానా, ఏం రాయమంటారు" అని మాత్రం అడగకు. న్యాయ సలహా ఇవ్వడానికి వాళ్ళకు అనుమతి లేదు. పైరవీకి తావే లేదు. సాయం కావాలంటే టెక్సాస్ లా హెల్ప్ అనే ఉచిత వెబ్‌సైట్ చూడు.

వీసాకు ఏమైనా అవుతుందేమోనని పాలమూరు పిల్లలు ఇద్దరు ముగ్గురు నన్ను భయంభయంగా అడిగారు. డిపాజిట్ కోసం సివిల్ కేసు వేయడం నేరం కాదు, దానికి వీసా పోదు. ఆ టెన్షన్ వద్దు.

అసలు టెన్షన్ పడాల్సింది ఇక్కడ: మోషన్ వేసినంత మాత్రాన వాయిదా పడినట్టు కాదు. జడ్జి ఒప్పుకున్నట్టు ఆర్డర్ వచ్చేదాకా పాత తేదీయే ఖాయం. అందుకే టికెట్ బుక్ చేసిన రోజే ఫైల్ చెయ్యి. ఆర్డర్ రాకపోతే క్లర్కును అడుగుతూనే ఉండు. వీడియోలో హాజరు కానిస్తారా అని కూడా అదే కాగితంలో అడగొచ్చు, కొన్ని కోర్టులు ఒప్పుకుంటాయి. కేసు వేసినవాళ్ళు విచారణకు రాకపోతే జడ్జి కేసు కొట్టేయొచ్చు. అలా కొట్టేస్తే, ఆర్డర్ మీద సంతకమైన నాటి నుంచి 14 రోజుల్లోపు, రాలేకపోవడానికి సరైన కారణం చూపిస్తూ మళ్ళీ తెరవమని ఇంకో మోషన్ వేసుకోవచ్చు. ఆ ఆర్డర్ పోస్టులో పాత అపార్ట్‌మెంట్ అడ్రసుకు పోతే నీకు తెలిసేసరికి గడువు అయిపోతుంది. కొత్త అడ్రసు ఇవాళే కోర్టుకు రాసివ్వు.